ఈదమ్మ పోగు

నా నోటికి తాళం లేదని మా అమ్మ బాధపడేది. "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు" అని రోజుకు రెండుసార్లైనా నా నెత్తిన మొట్టేది. బోడిగుండు సంగతి నాకు తెలియదు గానీ, ఊరుకోవడం మాత్రం నలభై దాటాక వచ్చింది. అదీ ఒక్కరోజు, ఒక్క రెండు మూడు నిమిషాలు.

నాగర్‌కర్నూల్ బస్టాండు పక్క సందులో నాకు గాజుల దుకాణం ఉంది. 2024లో దసరా వెళ్లిన వారానికి నరేందర్ దుకాణానికి వచ్చాడు. నరేందర్, నేను ఉప్పునుంతల మండలంలోని మా ఊరి బడిలో పదో తరగతి కలిసి చదివాం. ఇప్పుడు వాడికి బిజినేపల్లిలో ఎరువుల దుకాణం, నడుము చుట్టూ ఇంత పొట్ట. మేం పది పాసై పాతికేళ్లయింది కాబట్టి పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టాలని వాడి తహతహ. ఈ సమ్మేళనాల పిచ్చి ఊరూరా పాకింది. ఒక ఫ్లెక్సీ, అందరికీ ఒకే రంగు టీషర్టులు, సార్లకు శాలువాలు, మధ్యాహ్నం మటన్, సాయంత్రం డీజే. పదో తరగతి రిజిస్టరు చూసి వాడు అప్పటికే ముప్పై ఒక్క మందితో వాట్సాప్ గ్రూపు చేశాడు. టీషర్టు మీద ఏం రాయించాలో కూడా వాడే తేల్చాడు.

"'అందరం ఒక్కటే' అని రాయిస్తున్న. ఎట్లుంది?" అన్నాడు.

"నీ పొట్ట మీదైతే ఆ మాటంత పడ్తది, మా మీద పట్టొద్దా?" అన్నాను. వాడు నవ్వి, యోహాను సారుకు ఫోన్ కలిపి, నేను కూడా వినేటట్టు పెట్టాడు.

యోహాను సారు మాకు సోషల్ చెప్పేవారు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు, ఉండేది వనపర్తిలో. గొంతు మాత్రం ఏమీ మారలేదు.

"వస్త రా. గానీ ఆదివారం గాదు. నవంబరు ఇరవై ఆరుకు పెట్టుకోండి."

"అది మంగళవారం సార్. అందరికీ డ్యూటీలు ఉంటయి."

"ఉంటే ఏంది? ఒక్కదినం సెలవు పెట్టుకోండి. రాజ్యాంగాన్ని ఒప్పుకొని ఆ దినానికి డెబ్బై అయిదేండ్లు నిండుతయి. బడి పిల్లలు గూడ ఉంటరు. ఇంకో మాట, పోగులు చెప్పాలె. ఆరో తరగతి పదహారు మంది, పదహారు పోగులు. నేను గది వినటానికి వస్త, మీ శాలువా కోసం గాదు."

ఫోన్ పెట్టేశాక నరేందర్ నా మొహం చూశాడు. వాడు ఎనిమిదిలో వచ్చి మా బడిలో చేరినవాడు. "పోగులేంది మాలతీ? సారుకు మటన్ మీద మనసైందా?" అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. ముప్పై ఏళ్లుగా మూతపెట్టి ఉంచిన గిన్నె మూత ఎవరో ఒక్కసారిగా తీసినట్టయింది.

మా ఆరో తరగతి సోషల్ పుస్తకం మొదటి పేజీలో రాజ్యాంగ ప్రవేశిక ఉండేది. 'సర్వసత్తాక' అనే మాట దగ్గరే మాకు నోరు తిరిగేది కాదు. సారు నెలరోజులు చూశారు. ఇంతలో మా ఊళ్లో మైసమ్మ పండుగ వచ్చింది. పండుగ నాడు పదిళ్లవాళ్లు కలిసి ఒక మేకను కోసి పోగులు వేసుకోవడం మా దగ్గర ఉన్నదే. నేల మీద మోదుగాకులు పరిచి, ప్రతి ఆకులో ఇంత మెత్తటి మాంసం, ఇంత బొక్క, ఇంత కార్జం సమానంగా పెడతారు. ఎంత సమానంగా పెట్టినా ఏదో ఒక పోగు మీద అందరికీ కన్ను పడుతుంది. అందుకని ఒకర్ని గోడవైపు తిరిగి నిలబడమంటారు. ఇంకొకరు ఒక పోగును కట్టెతో చూపించి "ఇది ఎవరిది?" అని అడుగుతారు. చూడని మనిషి ఒక పేరు చెప్తాడు. ఆ పోగు వాళ్లది, ఇక మాట్లాడటానికి లేదు. పేర్లన్నీ చెప్పాక మిగిలిన ఆఖరి పోగు ఆ చెప్పిన మనిషిది.

పండుగ మర్నాడు సారు సంచి నిండా మోదుగాకులు తెచ్చారు. ప్రవేశికను పదహారు ముక్కలుగా చీటీల మీద రాసి, ఒక్కో ఆకులో ఒక్కో చీటీ పెట్టి క్లాసులో నేల మీద పరిచారు.

"గిదే రాజ్యాంగం. పట్వారీ ఇంటికి పొయ్యే పోగుల, జీతగాని ఇంటికి పొయ్యే పోగుల ఒక్కతీరుగ కార్జం ముక్క ఉండాలె. లేకుంటే అది పోగు గాదు, ఒకని విందు, ఇంకొకని ఎంగిలి" అన్నారు.

శ్రీనాథ్ లేచి నిలబడ్డాడు. మా ఊరి పూజారిగారి అబ్బాయి. "సార్, మేము తినం సార్" అన్నాడు, కళ్లనీళ్లు పెట్టుకుని.

"నువ్వు తినకున్నా నీ పోగు నీకుంటది బిడ్డా. అదే గద నేను చెప్పేది" అన్నారు సారు.

గోడవైపు తిరిగి నిలబడటానికి సారు ఈదమ్మను పిలిచారు. ఈదమ్మ చెంచుల పిల్ల. మన్ననూరు అవతలి అడవి నుంచి వాళ్ల నాన్న మా ఊరి మామిడితోటకు కాపలా వచ్చాడు. ఆ తోటలోనే గుడిసె. ఎండాకాలంలో ఆ పిల్ల ఒళ్లో మొర్రిపండ్లు తెచ్చి, ఇంటర్వెల్లో బెంచీ మీద కుప్పలు పెట్టి పంచేది. తనకు పడని వాళ్లకూ ఒక కుప్ప తప్పకుండా పెట్టేది. నాకూ పెట్టేది. నాకూ దానికీ ఎప్పుడూ పోట్లాటే.

సారు కట్టెతో చూపిస్తూ "ఇది ఎవరిది?" అంటే, ఈదమ్మ గోడకు మొహం పెట్టి ఒక్కొక్కరి పేరు పిలిచింది. 'ఆరాధనల్లో స్వాతంత్ర్యాన్ని' శ్రీనాథ్‌కు వచ్చింది. 'వారందరిలో వ్యక్తి గౌరవాన్ని' నాకు వచ్చింది. ఆఖరున మిగిలిన చీటీ ఈదమ్మది. 'అంతస్తులోను, అవకాశాల్లోను సమానత్వాన్ని.' వరసలో అది శ్రీనాథ్‌కూ నాకూ మధ్య.

సారు రెండే నియమాలు పెట్టారు. ఎవరి పోగు వాళ్లే చెప్పాలి, ఇంకొకరిది ముట్టకూడదు. ఎవరైనా బడికి రాకపోతే ఆ పోగు దగ్గర క్లాసు మొత్తం నోరు మూసుకుని ఆగాలి.

"ఎందుకు సార్ ఆగుడు? పక్కనోళ్లు చెప్తే అయిపాయె గద" అన్నాను. ఆగడం అంటే నాకు ప్రాణసంకటం.

"లేని మనిషి లేడని మనకు తెల్వాలె మాలతీ. నువ్వు చెప్పేసినవనుకో, ఆ మనిషి వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే అయితది" అన్నారు సారు.

రోజూ సాయంత్రం బడి వదిలేముందు పోగులు చెప్పేవాళ్లం. ఆ పదిహేను నిమిషాలు ఎంత బాగుండేవో ఇప్పుడు చెప్తే నా కూతురు నమ్మదు. పదహారు గొంతులు, పదహారు తీర్లు. ఒకడు ముక్కుతో, ఒకడు అరుస్తూ, శ్రీనాథ్ మంత్రం చదివినట్టు. ఈదమ్మ మాత్రం మెల్లగా, మొర్రిపండ్లు లెక్కపెట్టినట్టు ఒక్కో మాట విడివిడిగా చెప్పేది. ఆ గొంతు అయిపోగానే నా వంతు. అందుకే దాని పోగు నాకు నా పోగు కంటే బాగా వచ్చేది.

1995 జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేశాక, ఊరందరి ముందు పోగులు చెప్పాలన్నారు సారు. సర్పంచి వచ్చాడు, కుర్చీలు వేశారు. మా అమ్మ కొత్త రిబ్బన్లు కట్టి, తను ముందు వరసలో కూర్చుంది. ఈదమ్మ రాలేదు. శ్రీనాథ్ తన పోగు చెప్పాడు. అందరం ఆగాం. సర్పంచి గడియారం చూసుకున్నాడు. పిల్లలు మాట మర్చిపోయారని ఎవరో గుసగుసలాడారు. మా అమ్మ నావైపు కళ్లెర్రజేసింది, మర్చిపోయింది నేనే అనుకుని. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక ఆగలేకపోయాను. ఈదమ్మ పోగు, నా పోగు కలిపి ఒకే ఊపిరిలో చెప్పేశాను.

చప్పట్లు మోగాయి. తలెత్తి చూస్తే గేటు దగ్గర ఈదమ్మ. ఉతికిన యూనిఫాం ఇంకా ఆరలేదు, జుట్టు చెదిరిపోయి ఉంది, రొప్పుతోంది. సర్పంచి 'రెండు మాటలు చెప్పిన పిల్లకు' అంటూ నాకొక స్టీలు గ్లాసు బహుమతి ఇచ్చాడు. అది నా చేతికి వచ్చేదాకా ఈదమ్మ గేటు దగ్గరే నిలబడి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మళ్లీ బడికి రాలేదు. సారు రెండుసార్లు తోటకు వెళ్లారు. రెండోసారి వెళ్లేసరికి గుడిసె ఖాళీ.

సారు నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి పోగులు చెప్పించడం మానేశారు. తిట్టినా, రెండు దెబ్బలేసినా బాగుండేది. తేలు కుట్టిన దొంగలా నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఇదంతా నరేందర్‌కు చెప్పలేదు. పోగులంటే ప్రవేశికలో ఒక్కొక్కరి వంతు మాటలని, ఆరులోనే బడి మానేసిన ఈదమ్మ అనే పిల్ల గ్రూపులో లేదని మాత్రం చెప్పాను.

"పది సదవలే గద! బ్యాచ్‌ల ఎట్ల వస్తది?" అన్నాడు. "ఆ ఒక్క లైను ఎవరో ఒకరం చెప్తం తియ్యి. ఫోన్ల ఉంటది."

నాకు ఒళ్లు మండిపోయింది. "టీషర్టు మీద 'అందరం' అని రాయించకు. 'పది సదివినోళ్లం ఒక్కటే' అని రాయించు" అన్నాను. వాడు బిక్కమొహం వేశాడు. పాపం, నా మీద నాకున్న కోపం వాడు మోశాడు.

ఆ సోమవారం దుకాణం మూసి అచ్చంపేట బస్సెక్కాను. అక్కడి నుంచి మన్ననూరు. చెక్‌పోస్టు దగ్గర ఈదమ్మ అని అడిగితే, ఏ ఈదమ్మ, నలుగురున్నారు అన్నారు. ఉప్పునుంతల దిక్కు మామిడితోటలో ఉండి వచ్చినవాళ్ల బిడ్డ అన్నాను. ఒక పెద్దమనిషి ఆలోచించి, ఆటోవాడికి గూడెం పేరు చెప్పి పంపించాడు.

ఈదమ్మ అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. నేను వెళ్లేసరికి వరసగా కూర్చున్న పిల్లల ప్లేట్లలో ఉప్మా వడ్డిస్తోంది. ఒక ప్లేటులో కాస్త ఎక్కువ పడితే గరిటె కొసతో తీసి పక్క ప్లేటులో వేసింది. ఆ చేతిని ఎక్కడున్నా గుర్తుపడతాను. ఈదమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది.

"స్టీలు గిలాస పిల్లవు గద!" అంది.

దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. గడప మీద కూలబడి ఏడ్చాను. పిల్లలు ఉప్మా తినడం ఆపి నన్నే చూశారు. "నా మూలాన బడి మానేసినవ్ ఈదమ్మా. తప్పు చేసిన" అన్నాను.

ఈదమ్మ గరిటె కడిగి వచ్చి నా పక్కన కూర్చుంది. "నీ మూలాన ఏం మానలే. తోట ఆసామితోని మా నాయినకు మాటామాట వచ్చింది, మల్ల అడవికే గుట్టెక్కినం. గంతే. నువ్వేమన్న అంత పెద్ద మనిషివా?" అని నవ్వింది.

గుండెల మీది బండ దిగింది అనుకున్నాను. కానీ ఈదమ్మ మళ్లీ నోరు తెరిచింది.

"గానీ ఆ దినం మస్తు ఉరికిన మాలతీ. నాయిన ఏడకో పోతే, వచ్చేదాంక తోట కాసిన. రాంగనే ఉరికిన. దారిపొంటి ఆ మాటే చెప్పుకుంట ఉరికిన, మర్చిపోతనేమో అని. వచ్చి చూస్తే నా మాట అయిపోయింది. మల్ల ఎన్నడు చెప్పలే. ఏడ చెప్పాలె?"

నవంబరు ఇరవై ఆరున బడికి సారు వస్తున్నారు, పోగులు చెప్తాం, నువ్వూ రా అన్నాను.

"పది సదవలే. మీ సూట్లు బూట్ల నడుమ నేనెందుకు?" అంది. మళ్లీ తనే, "చూస్త. రాలేకపోతే మాత్రం ఏమనుకోకు" అంది. లేవబోతుంటే నా సంచి పట్టుకుని ఆపింది. "ఊకెనే పోతవా? మా కాడ తప్పు చేస్తే తప్పు కట్టాలె."

సంచిలో ఉన్న ఎర్ర గాజుల డబ్బా ఇచ్చాను. అక్కడే వేసుకుని చూసి "జర బిగుతుగున్నయి" అంది.

"గిట్ల లావైతవని నాకేం తెల్సు?" అన్నాను. ఇద్దరం నవ్వాం. చిన్నప్పుడు ఒక్కసారైనా అలా నవ్వుకోలేదు.

ఇరవై ఆరు వచ్చింది. టీషర్టుల మీద ఏమీ రాయించలేదు నరేందర్. అందుకు వాడిని మెచ్చుకోవాలి. సారు వనపర్తి నుంచి ఒంటరిగా ఆర్టీసీ బస్సులో వచ్చి, చేతికర్ర ఊపుకుంటూ గేటు దాటారు. బడి ఎంత చిన్నదైపోయిందో! అప్పుడు మైదానం అనుకున్నది ఇప్పుడు పది అంగలు. మా ఆరో తరగతి గదిలో ఇప్పుడు బియ్యం బస్తాలు పెడుతున్నారు. తలుపు సందులోంచి తొంగి చూశాను. ఈదమ్మ మొహం పెట్టి నిలబడ్డ గోడ అలాగే ఉంది. మళ్లీ పదకొండేళ్ల పిల్లనైపోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

ఉదయం పదకొండింటికి బడి పిల్లలంతా ఎండలో వరసలు కట్టి కూర్చున్నారు. ఆరో తరగతి నాటి మేం పదిహేను మందిమి జెండా కర్ర దగ్గర నిలబడ్డాం. గద్వాలలో బ్యాంకు ఉద్యోగం చేసే శ్రీనాథ్‌కూ నాకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా వదిలాం. సారు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు.

"భారతదేశ ప్రజలమైన మేము" అని మొదలైంది. నెరిసిన జుట్లు, బట్టతలలు, కానీ గొంతులు అవే. ముక్కుతో చెప్పేవాడు ముక్కుతోనే చెప్పాడు. శ్రీనాథ్ తన పోగు చెప్పి ఆగాడు.

అందరం ఆగాం.

పిల్లల్లో ఒకరు కిసుక్కుమన్నారు. జెండా తాడు కర్రకు తగిలి టిక్కుటిక్కుమంటోంది. నరేందర్ ఫోన్లో వేలు ఆడిస్తూ, మైకు పట్టుకుని ముందుకొచ్చాడు. వాడి మణికట్టు పట్టుకుని ఆపాను.

"టైం అయితుంది మాలతీ" అని గొణిగాడు.

"ఆగు" అన్నాను.

ఒక నిమిషం గడిచింది. ఇంకొకటి. ఆ మాటలు నా నాలుక చివర నిలబడి ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా కంఠతా వచ్చిన మాటలు. చెప్పేస్తే అయిపోతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పళ్లు బిగబట్టాను. ఈదమ్మ రాదు, రాకపోయినా సరే, ఇవాళ ఈ జాగా దానిదే అనుకున్నాను.

అప్పుడు గేటు చప్పుడైంది. ఈదమ్మ. ఎర్ర గాజులు. ఈసారి ఉరకలేదు. పిల్లల వరసల మధ్య నుంచి నింపాదిగా నడిచి వచ్చింది. "అచ్చంపేటల బస్సు దొరకలే సార్" అని సారుకు చెప్పి, మా ఇద్దరి మధ్య నిలబడింది. కొంగు సర్దుకుంది.

"అంతస్తులోను, అవకాశాల్లోను... సమానత్వాన్ని" అంది. ఒక్కో మాట విడివిడిగా, లెక్కపెట్టినట్టు.

సారు కళ్లు తెరిచారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత వంతు నాది.

నా పోగు నాకు గుర్తు రాలేదు. ముప్పై ఏళ్లు ఈదమ్మ మాటను మోసి మోసి నా మాటను ఎక్కడో జారవిడుచుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నరేందర్ ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. ఈదమ్మ వైపు చూశాను. దానికి నా మాట తెలుసు, కళ్లలోనే తెలుస్తోంది. కానీ పెదవి కదపలేదు. ఇంకొకరి పోగు ముట్టకూడదు కదా. నా కోసం ఆగింది. బడి బడంతా నా కోసం ఆగింది.

సారు చేతికర్ర చాచి నా పాదాల ముందు నేల మీద ఆనించారు.

"ఇది ఎవరిది?" అని అడిగారు.

ఈదమ్మ మా వైపు వీపు పెట్టి, బడి గోడవైపు తిరిగి నిలబడింది.

"మాలతిది" అంది.

"వారందరిలో వ్యక్తి గౌరవాన్ని" అన్నాను. ఈసారి నా పోగు ఒక్కటే చెప్పాను.